బర్రె చెవిపోగు మీద ఎవరి పేరు?

కొన్నేళ్ల కింద గాలికుంటు టీకాలు వేయడానికి పశువుల ఆసుపత్రి సిబ్బంది మా వాడకు వచ్చారు. మాది డిచ్‌పల్లి మండలంలో ఒక చిన్న ఊరు. టీకాతో పాటు ప్రతి పశువు చెవికీ ఒక పసుపుపచ్చ బిళ్ల వేస్తున్నారు. దాని మీద పన్నెండు అంకెల నంబరు. మన ఆధార్ కార్డు మీద ఉన్నట్టే. పిల్లలు 'బర్రెకు ఆధార్ వచ్చింది' అని ఎగిరారు.

పక్కింటి వదినె కొట్టం ముందు నిలబడి తన బర్రె కొమ్ములు పట్టుకుంది. వేరేవాళ్లు ముట్టుకుంటే అది నిలబడదు. సూది వేశారు, చెవికి బిళ్ల వేశారు. తర్వాత రాసుకునే పిల్లవాడు "యజమాని పేరు?" అని అడిగాడు. వదినె మొగని పేరు నోటితో అనదు. కొడుకును పిలిచి చెప్పించింది. ఆ యజమాని అప్పటికి మూడేళ్లుగా గల్ఫులో ఉన్నాడు. ఆ బర్రెను కొన్నది ఆయన పోయిన తర్వాత. ఫోన్లో తప్ప దాన్ని ఆయన చూడలేదు.

ఈ సంగతి చెప్పి నవ్వుకుందామని రాయడం లేదు. ఆ తర్వాతి ఇల్లు మాది. నన్నూ అదే ప్రశ్న అడిగారు. నేనూ మా ఆయన పేరే చెప్పాను. ఆయన కూడా అప్పుడు గల్ఫులోనే ఉన్నాడు. ఏళ్ల తరబడి సంఘంలో తిరుగుతూ, ఊరూరా మీటింగుల్లో ఆడవాళ్ల హక్కుల గురించి మాట్లాడిన నాకు కూడా ఆ ప్రశ్నకు మరో జవాబు ఉంటుందని ఆ పూట తట్టలేదు. పితృస్వామ్యం ఎక్కడో బయట ఉండదని మనం తరచూ అంటుంటాం. ఆ రోజు అది నా నాలుక మీదే ఉంది.

ఆ జవాబు ఖరీదు ఎంతో నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

మాకు రెండు బర్లు, నాలుగు మేకలు, పది పన్నెండు కోళ్లు, ఎకరంన్నర పొలం. చీకటితో లేవాలి. కొట్టంలో పెండ తీయాలి, వాకిట్లో సాన్పి చల్లాలి, కుడితి కలపాలి. దుడ్డెను విడిచి, బర్రె చేపినాక మళ్లీ కట్టేసి పాలు పిండాలి. పాలకేంద్రానికి పోసి రావాలి. పొయ్యి, వంట, పిల్లలు. పొద్దెక్కినాక ఒడ్ల వెంబడి గడ్డి కోసుకుని మోపు నెత్తిన పెట్టుకుని రావాలి. మధ్యాహ్నం నీళ్లు. సాయంత్రం మళ్లీ పెండ, మళ్లీ దాణా, మళ్లీ పాలు. బర్రె ఈనే రాత్రి నిద్ర ఉండదు. మాయ పడిందా లేదా అని లాంతరో, సెల్‌ఫోన్ దీపమో పట్టుకుని చూస్తూ కూర్చోవాలి. కోళ్లకు కొక్కెర రోగం వస్తే ఒక్క వారంలో గంపలు ఖాళీ. మేకలకు పారుడు రోగం వస్తే పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్నట్టు పెట్టుకుని గంజి పట్టాలి. పండగ లేదు, జ్వరం లేదు, నెలసరి లేదు. పశువుకు సెలవు తెలియదు.

ఈ పని అంతా చేసే ఆడమనిషిని "ఏం చేస్తున్నవ్?" అని అడిగి చూడండి. "ఏం లేదు, ఇంట్లనే ఉంట" అంటుంది.

ఈ జవాబును మన లెక్కలు నమ్ముతాయి. జాతీయ నమూనా సర్వేలో ప్రతి మనిషికీ ఒక పనికోడ్ వేస్తారు. 92 అంటే ఇంటిపని మాత్రమే చేసేవారు. 93 అంటే ఇంటిపనితో పాటు కూరాకు, కట్టెలు, పశువుల మేత ఊరికే ఏరుకొచ్చేవారు, ఇంటికోసం కుట్టుపని వంటివి చేసేవారు. ఈ రెండు కోడ్‌లలో పడినవాళ్లు శ్రామికుల్లో లెక్క కాదు. నిజానికి పాలు అమ్ముకునే ఇంట్లో బర్రెను సాదే స్త్రీ నిబంధన ప్రకారం కూడా కుటుంబ వృత్తిలో శ్రామికురాలే. కానీ అడిగేవాడు రెండో ప్రశ్న వెయ్యడు, ఆమె రెండో జవాబు చెప్పదు. కోడ్ పడిపోతుంది. 1988లో ఇలా భట్ అధ్యక్షతన వచ్చిన 'శ్రమశక్తి' నివేదిక దేశమంతా తిరిగి ఆడవాళ్ల కనిపించని పనిని ఎత్తి చూపింది. 2019లో జరిగిన కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే పురుషులు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఇందులో పశువుల పని కలవలేదు. దానిది వేరే పద్దు. అయిదు గంటల మీద అది ఇంకా పైన పడే చాకిరీ అన్నమాట.

మా అవ్వ బీడీలు చేసింది. నిజామాబాద్ జిల్లాలో మా తరం వాళ్లకు అవ్వ అంటే చాట, తునికాకు, తంబాకు వాసనే. ఆ కూలి తక్కువే, ఆ పని ఊపిరితిత్తులను తినేదే. అయినా బీడీ కార్మికుల కోసం 1966లో ఒక చట్టం వచ్చింది. అది ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది, అది వేరే చర్చ. అవ్వకు గుర్తింపు కార్డు ఉండేది, పీఎఫ్ ఉండేది. తెలంగాణ వచ్చినాక 2015లో బీడీ కార్మికులకు జీవనభృతి కూడా మొదలైంది. వీటిలో ఏదీ ఊరికే రాలేదు. ఆడవాళ్లు రోడ్డెక్కితే వచ్చాయి. అదే అవ్వ అదే చేతులతో జీవితమంతా బర్లను సాదింది. పొద్దున బర్రె, పగలు బీడీ, సాయంత్రం మళ్లీ బర్రె. బీడీ పనికి ఆమె కార్మికురాలు. బర్రె పనికి ఆమె ఎవరూ కాదు. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే వాకిలి. తేడా పనిలో లేదు. ఒకదానికి పేరు రాసిన కాగితం ఉంది, రెండోదానికి లేదు.

ఇక నా సంగతి. మా పెద్ద బర్రెను కొన్నది మహిళా సంఘం అప్పుతో. అప్పు నా పేరు మీద, సంతకం నాది, నెలనెలా కిస్తీ నాది. చెవిబిళ్ల ఆయన పేరు మీద ఉంది కనుక బీమా కూడా ఆయన పేరు మీదే చేయించారు. మూడో ఈత ఈనిన పది రోజులకు బర్రెను పాము కరిచింది. డాక్టరు వచ్చేసరికే ప్రాణం పోయింది. శవపరీక్ష జరిగింది, ఫోటోలు తీశారు, బిళ్ల కోసి ఇచ్చాం. అన్ని కాగితాలూ పట్టుకుని బీమా వాళ్ల దగ్గరికి పోతే "యజమాని సంతకం కావాలమ్మా" అన్నారు. యజమాని అరబ్బు దేశంలో ఉన్నాడు. డబ్బు పడాల్సింది ఆయన ఖాతాలో. ఆ ఖాతా వాడక నిలిచిపోయి ఉంది. ఫోన్లు, పత్రాలు, తిరుగుళ్లు. గడువు దాటిపోయింది. ఒక్క రూపాయి రాలేదు.

అప్పు మాత్రం నా పేరు మీద పదిలంగా ఉంది. పద్నాలుగు నెలలు లేని బర్రెకు నేను కిస్తీలు కట్టాను. నెలనెలా సంఘం మీటింగులో పైసలు లెక్కపెట్టి ఇస్తుంటే నాకు ఒకటే మాట మెదిలేది. అప్పు అయినప్పుడు నేను యజమానిని, ఆస్తి అయినప్పుడు కాదు.

ఇది నా ఒక్కదాని కథ అయితే ఇక్కడ రాయను. మీ మండలంలో సంఘం అప్పులతో వచ్చిన పాడి పశువుల జాబితా తీయండి. అప్పు ఎవరి పేరున ఉంది, చెవిబిళ్ల ఎవరి పేరున ఉంది, పాలకేంద్రంలో సభ్యత్వం ఎవరిది, పదిహేను రోజులకోసారి వచ్చే పాల బిల్లు ఎవరి ఖాతాలో పడుతోంది అని నాలుగు గడులు గీసి నింపండి. మా పక్క మూడు ఊళ్లలో మేం నింపాం. మొదటి గడిలో వరుసగా ఆడవాళ్ల పేర్లు. తర్వాతి మూడింట్లో వెతుక్కోవాలి. ఆడవాళ్లు బాగా అప్పు తీరుస్తారని మెచ్చుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ మెప్పు వెనుక ఈ మూడు గడులు ఉన్నాయి.

భూమి విషయంలోనూ ఇదే వరస. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఆడపిల్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో సమాన వాటా ఇచ్చే సవరణ ఉంది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. అయినా పట్టా పాస్‌బుక్కుల్లో మన పేర్లు ఎన్ని? 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకే, రైతుబీమా పట్టాదారుకే. 2025లో రైతుభరోసాగా పేరు మారినా భూమి కాగితమే కొలమానం. భూమి లేని, కౌలుకు కూడా నోచుకోని ఆడవాళ్లకు మిగిలింది పశువు ఒక్కటే. గుంట భూమి లేకున్నా ఒక మేకను సాదుకోవచ్చు. అదీ లేనివాళ్లు పాలుకు తెచ్చుకుంటారు. అంటే దూడ ఒకరిది, సాదేది ఈమె, ఎదిగినాక అమ్మిన ధరలోనో, ఈనిన పిల్లల్లోనో సగం. ఆ పశువు కూడా ఆమె పేరున లేకపోతే ఇక ఆమెకు ఏముంది?

ఆ పశువు కింద నేల కూడా జారిపోతోంది. బోధన్ దగ్గర మా చిన్నమ్మ వాళ్ల ఊరు. మా చిన్నతనంలో చెరుకు కొట్టే కాలం వస్తే ఆ ఊరి బర్లకు పండగే. చెరుకు కొట్టిన ఆడవాళ్లు కొసల ఆకు మోపులు కట్టి తెచ్చుకునేవాళ్లు. పైసా ఖర్చు లేని పచ్చిమేత, అదీ ఎండలు ముదిరేదాకా. శక్కర్‌నగర్‌లో నిజాం కాలంలో కట్టిన చక్కెర కర్మాగారం 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతబడింది. కార్మికుల జీతాల గురించి, చెరుకు రైతుల గురించి ఉద్యమాలు జరిగాయి, జరగాల్సిందే. చెరుకుతో పాటు పోయిన మేత గురించి, ఆ మేత మోసిన ఆడవాళ్ల గురించి ఒక్క మాట నా కంట పడలేదు. చెరుకు పోయిన చోట వరి వచ్చింది. వరికి కోతమిషను వచ్చింది. మిషను కోసిన గడ్డి తునకలై పొలంలో పడుతుంది. చాలాచోట్ల తగలబెడుతున్నారు. ఒడ్ల మీద కలుపుమందు కొడుతున్నారు. మగవాళ్ల లెక్కలో అది కూలి మిగులు. గడ్డిమోపు కోసం ఇంకో మైలు నడిచే ఆడదాని లెక్కలో అది ఏమిటి? ఆ మాట అడిగే చోట ఆమె కూర్చుని లేదు.

సంఘం కార్యకర్తలకు ఇంకో సంగతి చెప్పాలి. ఒక చెల్లె మా దగ్గరికి వచ్చింది. మొగడు తాగి కొట్టేవాడు. ఒంటి మీద వాతలున్నాయి. పట్నంలో వసతిగృహంలో పెడదాం, కేసు వేద్దాం అన్నాం. అన్నిటికీ తల ఊపింది. చివరికి లేచి నిలబడి "బర్రె చూడితోటి ఉందక్కా. నేను పోతే దానికి కుడితి వోసేటోళ్లు లేరు" అంది. వెళ్లిపోయింది. ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఇంత దెబ్బలు తిని బర్రె గురించి ఏమిటి అనుకున్నాను. ఇప్పుడు నన్ను చూసి నాకే సిగ్గేస్తుంది. ఆ ఇంట్లో ఆమె చేతి కష్టంతో నిలిచిన ఆస్తి ఆ బర్రె ఒక్కటే. దాన్ని వదిలి వస్తే మర్నాడే అంగడికి పోతుందని ఆమెకు తెలుసు. పోయింది కూడా. నెల తిరక్కుండా, ఆమె పుట్టింటికి వెళ్లిన రెండు రోజుల్లో, అమ్మేశాడు. "ఎవలను అడిగి అమ్మినవ్?" అంటే "నా బర్రె నేను అమ్ముకున్న" అన్నాడు.

నిజంగా అది అతని బర్రేనా? పెళ్లప్పుడు ఆమె తల్లి అరణంగా ఇచ్చిన దుడ్డె అది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ చదవండి. పెళ్లికి ముందు, పెళ్లప్పుడు, తర్వాత ఎవరైనా కానుకగా ఇచ్చింది, తన నేర్పుతో, కష్టంతో సంపాదించింది, తాను కొన్నది, స్థిరమైనా చరమైనా, స్త్రీ సంపూర్ణ ఆస్తే. పశువు చరాస్తి. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం భార్య సొంతమేనని, దాన్ని కాజేసిన భర్త మీద నేరపూరిత నమ్మకద్రోహం కేసు పెట్టవచ్చని చెప్పింది. 2005 గృహహింస చట్టం స్త్రీధనాన్నీ, ఆమెకు హక్కున్న ఆస్తినీ అన్యాక్రాంతం చేయడాన్ని ఆర్థిక హింస అంటుంది. అమ్మకుండా ఆపుతూ మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ముస్లిం అక్కచెల్లెళ్లకైతే పెళ్లితో ఆస్తి భర్తది అయిపోవడమన్నదే లేదు. మనం స్త్రీధనం జాబితా రాసేటప్పుడు బంగారం, గిన్నెలు, మంచం, బీరువా రాస్తాం. బర్రెను రాయం. ఎందుకు రాయం? మన చదువుకున్న కళ్లకు అది ఆస్తిలా కనబడకపోవడమే కారణం.

కొందరు స్నేహితులు ఇక్కడ ఒక అభ్యంతరం చెప్తారు. పేరు రాయించుకుంటే చాకిరీ తగ్గుతుందా, పైగా 'నీ బర్రె, నువ్వే చూసుకో' అని మొత్తం ఆమె నెత్తిన పడదా అని. ఇందులో నిజం ఉంది. పెండ ఎత్తడం మగవాడికీ నేర్పకుండా, మేత, నీళ్లు ఇంటి దగ్గరికి వచ్చే దారి చూడకుండా ఒట్టి పేరుతో విముక్తి రాదు. కానీ ఇప్పుడు పేరు లేకుండానే పని అంతా ఆమె నెత్తిన ఉంది కదా! చాకిరీ పంపకం గురించి పోరాడుతూనే, చేస్తున్న చాకిరీకి వచ్చే ఫలం మీద హక్కు అడగాలి. ఒకటి అయ్యేదాకా రెండోది ఆగాలనడం న్యాయం కాదు.

చేసి చూపినవాళ్లూ ఉన్నారు. ఒకప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరు ప్రాంతపు ఆడవాళ్లు 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద తమ సొంత పాల సహకార సంఘం పెట్టుకున్నారు. సభ్యులు ఆడవాళ్లే, పాలకవర్గం ఆడవాళ్లే. పాల లెక్క ఆమె పేరున నడుస్తుంది. మన దగ్గర అలాంటిది ఎందుకు కాదు?

పై నుంచి కూడా కొన్ని తలుపులు ఓరగా తెరుచుకున్నాయి. 2007 జాతీయ రైతు విధానం పశువులు, కోళ్లు సాదేవారిని కూడా రైతులే అంది. 2012లో ఎం.ఎస్. స్వామినాథన్ రాజ్యసభలో మహిళా రైతుల హక్కుల బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే పోయింది. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19లో పశుపోషకులకూ విస్తరించారు. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలో పశువుల పని ముఖ్యంగా చేసేది ఆడవాళ్లా, మగవాళ్లా అని తొలిసారి అడిగారు. చూడండి, ఒకే బర్రె ముందు ప్రభుత్వం రెండు ప్రశ్నలు వేస్తోంది. సాదేది ఎవరు? యజమాని ఎవరు? ఈ రెండు జవాబుల మధ్య ఉన్న దూరమే మన ఉద్యమం నడవాల్సిన దారి.

కాబట్టి ఈ మూడు నెలల్లో చేయదగినవి చెప్తాను. సంఘం అప్పుతో కొన్న ప్రతి పశువుకూ చెవిబిళ్ల నమోదులో, బీమాలో అప్పు తీసుకున్న స్త్రీ పేరే ఉండాలని మండల సమాఖ్యల్లో తీర్మానం చేయించాలి. పాత నమోదులు మార్పించాలి. పాలకేంద్రంలో సభ్యత్వం, బిల్లు పాలు పిండే చేతికి రావాలని అడగాలి. గృహహింస కేసుల్లో స్త్రీధనం జాబితాలో పశువులను నంబరుతో సహా రాయాలి. ఇల్లు వదిలి వచ్చే స్త్రీకి చోటు వెతికేటప్పుడు ఆమె పశువులకూ నమ్మకమైన ఒక కొట్టం వెతకాలి. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరిగే జనగణనలో 'ఏం చేస్తారు' అంటే 'ఏం లేదు' అనకూడదని ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి.

మొన్న మా దుడ్డెకు చెవిబిళ్ల వేయడానికి వచ్చారు. ఈసారి నా పేరు చెప్పాను. రాసుకునే పిల్లవాడు ఒక్క క్షణం ఆగి "సార్ లేరా మేడం?" అన్నాడు. "ఉన్నడు. కుడితి కలుపుతున్నడు" అన్నాను. నిజంగానే కలుపుతున్నాడు. తవుడు ఎక్కువ పోశాడు, అది వేరే సంగతి.

పక్కింటి వదినె గోడ మీది నుంచి అంతా చూసింది. రాత్రి మెల్లగా అడిగింది: "నా బర్రెకు రాసింది మార్పియ్యొస్తదా?"

వస్తది వదినె, మార్పిద్దాం పా అన్నాను. ఇంకా మారలేదు. గల్ఫు నుంచి ఫోనులో ఆయన ఒప్పుకోవాలట.